ఊళ్లో నకిలీ విత్తనాలపై అవగాహన కార్యక్రమం: వానాకాలానికి ముందు ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు, యువజన సంఘాలు ప్రతి వేసవిలో అడిగే ప్రశ్న ఒకటుంది: నకిలీ విత్తనాల మీద మా ఊళ్లో మీటింగ్ పెడితే జనం వస్తారు, వింటారు, పోతారు. మళ్లీ బిల్లు లేని విత్తనమే కొంటారు. ఏం చేయాలి?

చాలా సదస్సుల్లో "నకిలీని గుర్తుపట్టండి" అని చెబుతారు. చిక్కు అక్కడే ఉంది. రంగు పూసిన పత్తి గింజను చూసి అది అసలో నకిలీయో వ్యవసాయ అధికారి కూడా చెప్పలేడు. రైతుకు నేర్పగలిగేవి మూడే: బిల్లు లేకుండా కొనకపోవడం, ఖాళీ ప్యాకెట్ పారేయకపోవడం, కొంత గింజ పక్కన పెట్టుకోవడం. కింది కార్యక్రమమంతా ఈ మూడింటినీ అలవాటు చేయడానికే. ఉదాహరణలు ఎక్కువగా పత్తివి. మిరప, మొక్కజొన్న, వరికీ ఇదే పద్ధతి నడుస్తుంది.

1. తేదీ ముందు ఖాయం చేసుకోండి

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో. పత్తి రైతు విత్తనం కొనేది ఎక్కువగా ఈ రెండింటికీ కాస్త అటూఇటూ. మీటింగ్ జూన్‌లో పెడితే ఇంట్లోకి ప్యాకెట్లు అప్పటికే వచ్చేసి ఉంటాయి. బిల్లు లేకుండా తిరిగే ఏజెంట్లు అంతకన్నా ముందే వస్తారు.

- ఏప్రిల్ చివరి వారం: ఊళ్లో ఎవరు ఎలా అమ్ముతున్నారో తెలుసుకోవడం
- మే మొదటి వారం: వక్త, చోటు, మొలక పరీక్షకు సామగ్రి
- మే 10 నుంచి 20 లోపు: సమావేశం
- మే 20 నుంచి జూన్ చివరి దాకా: ఇంటింటికీ వెళ్లి లాట్ నంబర్లు (ఒకే విడతలో తయారైన విత్తనానికి ఇచ్చే గుర్తు సంఖ్య) రాసుకోవడం

చివరిది మానేస్తే మిగతా మూడూ చేసి పెద్దగా లాభం లేదు.

2. ఊళ్లో ఏం నడుస్తోందో ముందు వినండి

పది పదిహేను మంది రైతులతో విడివిడిగా మాట్లాడండి. వాళ్లలో కౌలు రైతులు, ఎకరం రెండెకరాల వాళ్లు తప్పక ఉండాలి. బిల్లు లేని విత్తనం ఎక్కువగా వాళ్ల చేతికే వస్తుంది. అడగాల్సినవి:

- పోయినేడు విత్తనం ఎక్కడ కొన్నారు? దుకాణంలోనా, ఇంటికి తెచ్చి ఇచ్చారా?
- ప్యాకెట్టా, లూజా?
- నగదా, ఉద్దెరా?
- బిల్లు ఇచ్చారా? ఇస్తే దాని మీద లాట్ నంబరు ఉందా?
- మొలక ఎలా వచ్చింది?

పేర్లు రాసుకోకండి. రాస్తున్నారని తెలిస్తే నోరు విప్పరు.

సాధారణంగా ఈ మాటల్లోనే అసలు కారణం బయటపడుతుంది. తెలియక కొనేవాళ్లకన్నా ఉద్దెర కోసం కొనేవాళ్లు, కలుపు కూలి తగ్గుతుందని కొనేవాళ్లు ఎక్కువ. మీటింగ్‌లో ఏం చెప్పాలో దాన్నిబట్టి తేల్చుకోవాలి.

3. నాలుగు రకాల మోసాలు, నాలుగు పేర్లు

అన్నింటినీ "నకిలీ" అనేస్తే రైతుకు స్పష్టత రాదు, ఫిర్యాదు కూడా తప్పుగా రాస్తాడు.

నకిలీ: ఒక కంపెనీ పేరు, ప్యాకెట్ అచ్చు దించి లోపల వేరే గింజ నింపింది.

నాసిరకం: కంపెనీదే, కానీ మొలక శాతమో జన్యు స్వచ్ఛతో ప్యాకెట్ మీద రాసినంత లేనిది. విత్తనోత్పత్తి జరిగే చోట గ్రో అవుట్ టెస్టులో (గింజను చేనులో పెంచి రకం స్వచ్ఛత చూసే పరీక్ష) ఫెయిలైన గింజను నూనె మిల్లుకు పంపకుండా లూజుగా అమ్మేస్తే అదీ ఇందులోకే వస్తుంది.

గడువు తీరింది: తేదీ చెరిపి కొత్తది ముద్రించింది, లేదా పాత ధర మీద కొత్త స్టిక్కర్ అతికించింది.

అనుమతి లేనిది: బీజీ-3 అనీ, గడ్డిమందు పత్తి అనీ అమ్మేది. కలుపు మందును తట్టుకునే పత్తికి మన దేశంలో జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ అనుమతి లేదు. కాబట్టి ఆ పేరుతో వచ్చే ఏ ప్యాకెట్టూ చట్టబద్ధం కాదు, ఎంత అందంగా ముద్రించినా సరే.

నాలుగో రకం గురించి మాట్లాడేటప్పుడు రైతును తిట్టకండి. కలుపు కూలి భారం నిజమైనది. చెప్పాల్సింది ఇది: దాంట్లో బీటీ (పురుగును తట్టుకునే జన్యువు) ఎంత ఉందో ఎవరికీ తెలియదు, కాబట్టి కాయతొలుచు పురుగు రాదన్న హామీ లేదు. పత్తి మధ్య సాలు కంది వేసుకుంటే గడ్డిమందుకు కంది చస్తుంది. మందు గాలికి పక్క చేను మీద పడితే వాళ్ల పత్తి మాడిపోతుంది. పంట పోతే అడగడానికి ఒక కంపెనీ గానీ ఒక దుకాణం గానీ ఉండవు.

4. ఎవరిని పిలవాలి

తెలంగాణలో మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి), మండల వ్యవసాయాధికారి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని గ్రామ వ్యవసాయ సహాయకుడు, మండల వ్యవసాయాధికారి. పోలీసు స్టేషన్ నుంచి ఒకరు వస్తే మంచిదే, కానీ ఆయన చివర్లో రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. మొదటే కేసుల మాట వస్తే బిల్లు లేకుండా కొన్నవాళ్లు వెనక నుంచి లేచి వెళ్లిపోతారు.

విత్తన కంపెనీ ప్రతినిధిని గానీ డీలర్‌ను గానీ వేదిక మీద కూర్చోబెట్టకండి, వాళ్ల ఖర్చుతో ఫ్లెక్సీ కట్టకండి. ఊరంతా దాన్ని ఆ కంపెనీ ప్రచారంగానే చూస్తుంది. లైసెన్సున్న డీలర్లను ప్రేక్షకుల్లోకి పిలవొచ్చు. బిల్లు పుస్తకం ఎలా ఉంటుందో చూపించమని అడగొచ్చు.

చోటు: రైతు వేదిక ఉంటే సరే, లేకపోతే చెట్టు కింద, గుడి అరుగు. వేళ: పొద్దున 7 నుంచి 8 లేదా సాయంత్రం పొద్దు వాలాక. మే ఎండలో మధ్యాహ్నం పెట్టి జనం రాలేదనుకోవడం తప్పు. పంచాయతీ మైకుతో ముందురోజు ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి చాటింపు వేయించండి.

5. మొలక పరీక్ష: చూపించాల్సింది ఇదే

మాటలకన్నా ఇది పనిచేస్తుంది. కానీ సమావేశం రోజున మొదలుపెడితే చూపించడానికేమీ ఉండదు. ఫలితం ఆ రోజుకు సిద్ధంగా ఉండేలా వెనక్కి లెక్కేసుకోండి. పత్తికి పూర్తి లెక్కకు 12 రోజులు పడుతుంది, పైగా కొత్త ప్యాకెట్లు అప్పటికి దుకాణాలకు రాకపోవచ్చు. అందుకే ప్రదర్శనకు కంది మంచిది, 6 రోజుల్లో తేలిపోతుంది. సర్టిఫైడ్ (ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించిన) కంది ఒక రకం, ఎవరింట్లోనైనా రెండేళ్లుగా మిగిలిపోయిన కంది ఇంకో రకం తీసుకోండి. తేడా దానంతటదే కనిపిస్తుంది.

కావాల్సినవి: ఉడకబెట్టి ఆరేసిన పాత పంచె ముక్కలు నాలుగు, రబ్బరు బ్యాండ్లు, పెన్సిలుతో రాసిన చీటీలు, శుభ్రమైన నీళ్లు, చేతి తొడుగులు. శుద్ధి చేసిన విత్తనం మీద పురుగుమందు, శిలీంధ్రనాశిని ఉంటాయి. వట్టి చేత్తో ముట్టొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు, మిగిలింది కోళ్లకు వేయొద్దు.

చేసే విధానం:

మొదట గింజలను కలియబెట్టి, ఏరకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్టు 100 లెక్కపెట్టండి. బాగున్నవి ఏరి పెడితే పరీక్షకు అర్థం లేదు. వాటిని 25 చొప్పున నాలుగు భాగాలు చేయండి.

గుడ్డను తడిపి గట్టిగా పిండండి. వేలితో నొక్కితే తడి తగలాలి, నీళ్లు కారకూడదు. ఒక్కో గుడ్డ మీద 25 గింజలు, గింజకూ గింజకూ మధ్య వేలెడు దూరం. మరీ బిగించకుండా చాపలా చుట్టి, రెండు చివర్లా బ్యాండు వేసి, విత్తనం పేరు, లాట్, తేదీ రాసిన చీటీ లోపల పెట్టండి.

చుట్టలను నీడలో నిలబెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. మేలో మన ఇళ్లలో వేడి ఎక్కువ. కుండ పక్కన, మట్టి నేల మీద పెడితే ఆరిపోకుండా ఉంటుంది. రేకుల షెడ్డు కింద మాత్రం పెట్టకండి.

చివరి రోజు విప్పి, వేరూ మొలకా రెండూ చక్కగా ఉన్నవాటినే లెక్కపెట్టండి. వేరు లేనివి, కుళ్లినవి, వంకర తిరిగి ఆగిపోయినవి లెక్కలోకి రావు. పప్పుధాన్యాల్లో నీళ్లు పీల్చకుండా గట్టిగా ఉండిపోయే గింజలుంటాయి. అవి చచ్చినవి కావు, మొలిచినవాటితో కలపాలి. నాలుగు గుడ్డల మొత్తమే మొలక శాతం.

సర్టిఫైడ్ విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక, లెక్కపెట్టే చివరి రోజు:

- వరి: 80 శాతం, 14వ రోజు
- హైబ్రిడ్ మొక్కజొన్న: 90 శాతం, 7వ రోజు
- కంది: 75 శాతం, 6వ రోజు
- వేరుశనగ: 70 శాతం, 10వ రోజు
- సోయాబీన్: 70 శాతం, 8వ రోజు
- మిరప: 60 శాతం, 14వ రోజు
- పత్తి: ప్యాకెట్ మీద ముద్రించిన శాతంతో పోల్చండి, 12వ రోజు

ఎక్కడ తప్పుతుంది:

నాలుగు భాగాల్లో 23, 22, 11, 24 అని వస్తే ఆ 11 గింజ తప్పు కాకపోవచ్చు. ఆ గుడ్డ ఆరిపోయి ఉంటుంది. మొత్తం మళ్లీ పెట్టండి. బూజు పట్టిందంటే తడి ఎక్కువైంది లేదా గుడ్డ ఉడకబెట్టలేదు. రెండో రోజే బాగా మొలకెత్తాయని సంబరపడి లెక్క ఆపేయొద్దు, బలహీనమైనవి ఆ తర్వాతే కుళ్లుతాయి.

ఈ పరీక్ష ఏం చెప్పదో కూడా అదే చోట చెప్పాలి. నకిలీ గింజ కూడా 90 శాతం మొలవొచ్చు. మొలక పరీక్ష నాసిరకాన్ని, పాతగింజను పట్టిస్తుంది. అది ఏ రకమో, బీటీ ఉందో లేదో చెప్పలేదు. ఈ మాట దాచితే పూత రాని చేను చూసి రైతు మిమ్మల్నే అడుగుతాడు.

కొత్త పత్తి ప్యాకెట్లు వచ్చాక ఒక ఉపాయం ఉంది. 475 గ్రాముల ప్యాకెట్‌లో దాదాపు నాలుగున్నర వేలకు పైగా గింజలుంటాయి, 100 గింజలంటే పది గ్రాముల లెక్క. ఒకే లాట్ నంబరు కొన్న అయిదారుగురు కలిసి ఒక్క ప్యాకెట్ మాత్రమే విప్పి పరీక్షిస్తే చాలు. మిగతావి విప్పకుండా ఉంటాయి కాబట్టి తేడా వస్తే తిరిగి ఇవ్వడానికి వీలుంటుంది.

6. సమావేశం నడిపే వరుస

మొత్తం 45 నిమిషాలు దాటొద్దు.

మొదటి 10 నిమిషాలు: మొలక చుట్టలు అందరి ముందూ విప్పడం. మొలకల లెక్కను సమావేశానికి వచ్చినవాళ్లతోనే పెట్టించండి.

తర్వాత 10 నిమిషాలు: చిన్న నాటకం. ఊళ్లో మాటకారిని ఒకరిని ఏజెంటుగా పెట్టండి. తెలంగాణ ఊళ్లలో సంభాషణ ఇలా ఉంటుంది:

"అన్నా, గడ్డిమందు కొట్టినా చావదిది. కూలోళ్ల తిప్పలుండది. పైసలు పత్తి ఏరినంక ఇయ్యి. మన మధ్య బిల్లెందుకు?"

"పైసలు పంటకే తీస్కో తమ్మీ. ఉద్దెర అని రాసి బిల్లు మాత్రం ఇయ్యి."

ఇక్కడ ఆపి వివరించండి. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలర్ నగదుకైనా అప్పుకైనా రసీదు ఇచ్చి తీరాలి. అప్పుగా ఇచ్చాను కాబట్టి బిల్లు లేదు అనడానికి వీల్లేదు. ఉద్దెర మానేయమని చెప్తే ఎవరూ వినరు. ఉద్దెర బిల్లు అడగమంటే వింటారు.

తర్వాత 15 నిమిషాలు: ప్యాకెట్, బిల్లు చదవడం. చివరి 10 నిమిషాలు: ప్రశ్నలు, ఫోన్ నంబర్లు.

7. ప్యాకెట్ చదివించే విధానం

నలుగురైదుగురికి ఒక ఖాళీ ప్యాకెట్ చొప్పున పంచండి. పోయినేటివి ఊళ్లోనే దొరుకుతాయి. మీరు చదివి వినిపించొద్దు, వాళ్లతో వెతికించండి.

- రకం పేరు, లాట్ నంబరు
- పరీక్ష తేదీ, చెల్లుబాటు తేదీ
- మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, జన్యు స్వచ్ఛత
- నికర బరువు, గరిష్ఠ ధర
- ఉత్పత్తిదారు పూర్తి చిరునామా
- శుద్ధి చేసిన మందు పేరు, తినడానికి వాడొద్దన్న హెచ్చరిక

బీజీ-2 (అనుమతి ఉన్న బీటీ రకం) పత్తి గరిష్ఠ ధరను కేంద్రం ఏటా ప్రకటిస్తుంది. 2025 సీజన్‌కు 475 గ్రాముల ప్యాకెట్ 901 రూపాయలు. మీరు సమావేశం పెట్టే ఏటి ధరను వ్యవసాయాధికారిని అడిగి బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి.

సంచి మీద కుట్టే ట్యాగు రంగులు: బ్రీడర్ (మూల) విత్తనానికి బంగారు పసుపు, దాన్నుంచి పెంచిన ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం, కంపెనీ తన పూచీ మీద అమ్మే లేబుల్ విత్తనానికి ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే నకిలీ అని కొందరు ప్రచారం చేస్తారు, అది తప్పు. ప్రైవేటు హైబ్రిడ్లు చాలావరకు అలాగే వస్తాయి.

క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి చూపండి. ఫోన్‌లో వచ్చిన రకం, లాట్ నంబరు ప్యాకెట్ మీదవాటితో కలవాలి. ఉత్త కంపెనీ వెబ్‌సైటు తెరుచుకుంటే దాంతో ఏమీ రుజువు కాదు. కోడ్‌ను కూడా ఫొటో తీసి అచ్చు వేయొచ్చు. కేంద్రం 2023లో మొదలుపెట్టిన సాథీ పోర్టల్‌లో నమోదైన విత్తనమైతే అది ఏ చేతుల మీదుగా వచ్చిందో కనిపిస్తుంది.

8. బిల్లు మీద ఏముండాలి

తెల్ల చీటీ బిల్లు కాదు. దుకాణం పేరు, లైసెన్సు నంబరు, తేదీ, రైతు పేరు, ఊరు, కంపెనీ, రకం, లాట్ నంబరు, ప్యాకెట్ల సంఖ్య, ధర, సంతకం ఉండాలి.

ఎక్కువగా వదిలేసేది లాట్ నంబరు. అది లేకపోతే ఈ ప్యాకెట్ మా దుకాణంలో కొన్నది కాదని రేపు అనేయొచ్చు. కౌలు రైతు తన పేరు మీదే బిల్లు రాయించుకోవాలి, భూమి యజమాని పేరు మీద కాదు. దుకాణంలోనే బిల్లునూ ప్యాకెట్‌నూ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే, కాగితం వానకు తడిసినా ఆధారం మిగులుతుంది.

9. లాట్ నంబర్ల పుస్తకం

సంఘంలో ఇద్దరికి ఈ పని అప్పగించండి. మామూలు నోటు పుస్తకం చాలు. గడులు: రైతు పేరు, దుకాణం, రకం, లాట్ నంబరు, ప్యాకెట్లు, విత్తిన తేదీ, ఆ ముందు పడిన వాన, మొలక.

వాన గడి ఎందుకంటే, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడకముందే పత్తి పెట్టి మొలవలేదంటే తప్పు విత్తనానిదని తేల్చలేం. అదే లాట్ ఎనిమిది చేలల్లో, వేర్వేరు రోజుల్లో విత్తినా మొలవకపోతే అప్పుడు గట్టిగా అడగొచ్చు. ఒక్క రైతు ఫిర్యాదుకూ ఒకే లాట్ మీద ఎనిమిది మంది ఫిర్యాదుకూ ఉన్న తేడా ఇదే.

ప్రతి ఇంట్లో విత్తేముందు ఒక గుప్పెడు గింజను కాగితం కవరులో పోసి, లాట్ నంబరు రాసి, ఇద్దరి సంతకాలతో అంటించి, ఖాళీ ప్యాకెట్‌తో పాటు దూలానికి వేలాడదీయించండి. పంట ఇంటికి చేరేదాకా అది అక్కడే ఉండాలి.

10. అనుమానం వస్తే ఏం చేయాలి

అమ్మకం దశలోనే తెలిస్తే: మండల వ్యవసాయాధికారికి చెప్పండి. విత్తన ఇన్‌స్పెక్టర్‌గా నియమితుడైన అధికారికి నమూనా తీసే అధికారం, ఆ లాట్ అమ్మకాన్ని 30 రోజుల వరకు ఆపే అధికారం ఉన్నాయి. రాత్రిపూట లూజు సంచులు దిగుతుంటే 112కు ఫోన్ చేయండి. మీరే వెళ్లి వాహనం ఆపొద్దు.

చేనులో తెలిస్తే:

- దున్నేయొద్దు. అధికారి చూసేదాకా చేను అలాగే ఉండాలి. మళ్లీ విత్తక తప్పకపోతే కొన్ని సాళ్లు వదిలేయండి.
- ఫిర్యాదు రాతపూర్వకంగా, రెండు ప్రతులు. ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.
- బిల్లు, ప్యాకెట్ నకళ్లు జత చేయండి. అసలువి మీ దగ్గరే ఉంచుకుని, ఇవ్వాల్సి వస్తే రసీదు తీసుకోండి.
- విత్తన నియమాల్లోని 23-ఏ ప్రకారం రైతు రాసిచ్చిన ఫిర్యాదు మీద ఇన్‌స్పెక్టర్ లేబులు, సంచి, మిగిలిన గింజ సేకరించి పరీక్షకు పంపాలి. గుప్పెడు గింజ దాచమన్నది ఇందుకే.

నష్టపరిహారానికి వినియోగదారుల కమిషన్. రైతు వినియోగదారుడే అని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. నష్టం జరిగిన రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో వేయాలి. విత్తనానికి చెల్లించిన ధర 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు. 1966 విత్తన చట్టంలో మొదటి నేరానికి రాసిన జరిమానా 500 రూపాయలే. అందుకే పోలీసులు మోసం సెక్షన్లు కలుపుతారు, తెలంగాణలో పీడీ చట్టమూ (ముందస్తు నిర్బంధ చట్టం) వాడతారు. కానీ కేసు పెడితే రైతుకు డబ్బు రాదు, దానికి కమిషన్ దారి వేరుగా పట్టాల్సిందే.

బోర్డు మీద రాయాల్సిన నంబర్లు: కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అత్యవసరానికి 112, మీ మండల వ్యవసాయాధికారి నంబరు.

11. నిర్వాహకులు చేసే తప్పులు

ఫలానా దుకాణం, ఫలానా కంపెనీ అని మైకులో పేరు చెప్పడం. ల్యాబ్ ఫలితం రాకముందు అలా చెప్పినా, వాట్సాప్‌లో ప్యాకెట్ ఫొటో పెట్టి "ఇది నకిలీ" అని రాసినా పరువు నష్టం నోటీసు రావొచ్చు. "ఈ లాట్ మీద ఫిర్యాదు ఇచ్చాం, మీ దగ్గరుంటే విత్తకుండా ఆగండి" అని రాయండి.

పేరున్న కంపెనీ విత్తనం కొంటే చాలనడం. నకిలీ చేసేవాడు ఎంచుకునేది బాగా అమ్ముడుపోయే పేరునే.

మగవాళ్లనే పిలవడం. చాలా ఇళ్లలో ప్యాకెట్ పారేసేది, గింజ దాచేది ఆడవాళ్లు. మహిళా సంఘం సమావేశంలో అదే ప్రదర్శన ఇంకోసారి చేయండి, 20 నిమిషాలు చాలు.

బిల్లు లేకుండా కొన్నవాళ్లను వేలెత్తి చూపడం. తర్వాతి సీజన్‌లో వాళ్లు మీకు ఏ సమాచారమూ ఇవ్వరు.

12. ముందురోజు సరిచూసుకోవాల్సినవి

- మొలక చుట్టలు, వాటి చీటీలు, ఒక తెల్ల పళ్లెం
- ఖాళీ ప్యాకెట్లు కనీసం 10
- సరైన బిల్లు ఒకటి, తెల్ల చీటీ ఒకటి, పేర్లు కనిపించకుండా మడిచి
- ఈ ఏటి గరిష్ఠ ధర, ఫోన్ నంబర్లు రాసిన బోర్డు
- వచ్చినవాళ్లకు ఇంటికొకటి కాగితం కవరు, గింజ దాచుకోవడానికి
- లాట్ నంబర్ల పుస్తకం, దాన్ని మోసే ఇద్దరి పేర్లు ఖాయం
- మందు పూసిన గింజ ముట్టినవాళ్లు చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు